బొట్టు పెట్టిన పిస్తోలు

మా ఊళ్లో రాంచందర్లు నలుగురు. కిరాణం నడిపే మనిషి దుకాణం రాంచందర్. వరసగా ఐదు బోర్లు వేయించి ఐదింట్లోనూ దుమ్మే చూసిన మనిషి బోర్ల రాంచందర్. ఏ పెళ్లి ఊరేగింపు వచ్చినా పిలవకుండానే ముందు వరసలో ఎగిరే మనిషి బ్యాండు రాంచందర్. నాలుగో మనిషి పిస్తోలు రాంచందర్. మా వాళ్లు ఏరి ఏరి ఆ నాలుగో మనిషికి నన్నిచ్చి చేశారు.

నా పేరు అరుంధతి. టేకుమట్ల పక్కన మా ఊరు. పత్తి, మిర్చి, తినడానికి నాలుగు గింజల వరి. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆ పిస్తోలు పేలగా నేను ఒక్కనాడూ వినలేదు. ఈ ఇంట్లో పేలేది ఏదైనా ఉందంటే అది కోడలి నోరేనని మా అత్త కట్టమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. చెప్పనీ. ఎనభై నాలుగేళ్ల మనిషితో నాకు వాదనేమిటి? వాదించినా ఆమే గెలుస్తుంది.

పిస్తోలు మా మామది. ఆయన పోయాక లైసెన్సు మా ఆయన పేరు మీదికి మారింది. పాతకాలపు విదేశీ సరుకు. బీరువాలో నా పట్టుచీరల వెనక దాని కాపురం. ప్రతి ఆదివారం పొద్దున మా ఆయన నా చీరలన్నీ మంచం మీద కుప్ప పోసి, దాన్ని బయటికి తీసి, కుట్టుమిషన్ నూనెతో తుడుస్తాడు. తుడిచే గుడ్డ నా పాత జాకెట్టు. తుడిచాక కిటికీ దగ్గర నిలబడి అటు తిప్పి, ఇటు తిప్పి, "అబ్బ, ఏం ఫినిషింగే!" అని తనలో తనే మురిసిపోతాడు. ఆ చీరలు మళ్లీ మడతపెట్టేది నేను. నా మెడలో తాళి కట్టిన మనిషి నన్ను ఒక్క ఆదివారమైనా కిటికీ వెలుతురులో అట్లా చూసిన పాపాన పోలేదు.

ఆ పిస్తోలుకు ఒక కథ ఉంది. ముప్పై ఏళ్ల కింద ఉమ్మడి బావి మోటారు దగ్గర మా ఆయనకూ, ఆయన చిన్నాయన కొడుకు ప్రతాప్‌కూ నీళ్ల వంతు మీద గొడవ వచ్చింది. అప్పట్లో మా ఆయన కోపం పంపుస్టవ్వు లాంటిది, నాలుగు పంపులు కొడితే భగ్గుమనేది. పిస్తోలు తీసుకొని బావి దగ్గరికి పోయాడు. ఆ తర్వాతి సంగతి ఆయన నోటనే వినాలి. "గురి పెట్టిన. వీడు చేతులు జోడిచ్చిండు. నాకు జాలయింది. పోరా, బతుకుపో అని ఇడిచిపెట్టిన."

ఏ పెళ్లి విందులో నలుగురు కూర్చున్నా ఈ కథ వస్తుంది. ప్రతాప్ పక్క కుర్చీలో ఉన్నా వస్తుంది. ప్రతాప్ ఒక్కసారీ కాదనలేదు. తల ఊపుతూ కూరలోని బొక్క చీకుతూ కూర్చుంటాడు. ఆ గొడవైన మరుసటి ఏడాదే అతను నీళ్ల వంతు అన్నకే వదిలేసి, చిట్యాలలో ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు. పొలం మాత్రం ఇక్కడే ఉంది. ప్రాణభిక్ష పెట్టిన దేవుడినని మా ఆయన, పెట్టించుకున్న తమ్ముడినని ప్రతాప్, ఇద్దరూ బాగానే కలిసి ఉన్నారు. ఈ మధ్య అతను కూడా లైసెన్సు తెచ్చుకొని ఒక పిస్తోలు కొన్నాడు. ఎరువుల దుకాణానికి పిస్తోలెందుకయ్యా అని అడిగితే, "అన్నకు ఉన్నది గద వదినా" అన్నాడు.

ఇక దసరా. దసరా రోజు పిస్తోలు మా ఆయన చేతిలోంచి మా అత్త చేతికి పోతుంది. కొడవళ్లు, గొడ్డళ్లు, ట్రాక్టరు తాళంచెవి, నా మిక్సీ, అన్నీ వరసగా పెట్టి నడుమ దాన్ని పడుకోబెడుతుంది. ఒళ్లంతా పసుపు రాస్తుంది. పిడికి పసుపు దారం చుడుతుంది. మూతి మీద గురి చూసుకోవడానికి చిన్న బుడిపె ఉంటుంది చూడండి, సైటు అంటారు, సరిగ్గా దాని మీద కుంకుమ బొట్టు పెడుతుంది. ఆమె లెక్కలో అది దాని నొసలు. తుడవబోతే ఊరుకోదు.

"అమ్మవారి బొట్టు తుడుస్తవురా? చెయ్యి ఇరిగిపోతది" అంటుంది.

ముప్పై దసరాల బొట్టు. కింద నూనె, మీద కుంకుమ, మళ్లీ నూనె, మళ్లీ కుంకుమ. చివరికి అది గట్టిపడి ఎర్ర పూసలా తయారైంది. పిడి మీది గీతల్లో పసుపు ఇంకిపోయి కట్టెకు బంగారు రంగు వచ్చింది. దారం మీద దారం పడి పిడి లావెక్కింది. మా ఆయన మొదట్లో గునిగాడు గానీ, తర్వాత అలవాటు పడ్డాడు.

మా అత్త గురించి ఇంకొక్క మాట. ఆమె బొడ్లో ఎప్పుడూ ఒక గుడ్డసంచి ఉంటుంది. అందులో వక్కలు, పొగాకు, ఇంకా ఒక ముల్లుసూది. వేలెడు పొడుగు, కుట్టుసూది కన్నా బాగా లావు, ఒక కొస బండ మీద నూరి పదును పెట్టింది. పత్తి చేలల్లో, తుమ్మల కింద తిరిగే ఊరు మాది. ఎవరి కాలిలో ముల్లు విరిగినా కుంటుకుంటూ మా గడపకే వస్తారు. దవాఖానలో సూది మందు ఇస్తారు గానీ ముల్లెవరు తీస్తారు? నలుగురు రాంచందర్ల కాళ్లూ ఆ సూదికి తెలుసు. ప్రతాప్ కూడా ముల్లు లోతుగా దిగితే చిట్యాల నుంచి బండి మీద వచ్చి, "పెద్దవ్వా" అని కాలు చాపుతాడు.

ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఉన్నవాళ్లు తమ తుపాకులు ఠాణాలో అప్పజెప్పాలి. ఓట్లు అయిపోయాక మళ్లీ ఇస్తారు. మండలంలో లైసెన్సు పిస్తోళ్లు ఉన్నదే ఇద్దరికి, ఈ అన్నదమ్ములకు. అప్పజెప్పే రోజు వీళ్లకు పండగ. ఇస్త్రీ బట్టలు వేసుకుంటారు. మొన్నటి ఎమ్మెల్యే ఎలక్షన్లప్పుడు నేనూ వెంట పోయాను, అంగడిలో కూరగాయలు కొనుక్కుందామని. ఠాణా వరండాలో బెంచీ మీద ఇద్దరూ పిస్తోళ్లు పక్కపక్కన పెట్టుకొని మొదలుపెట్టారు.

"నీది ఇంక గా నలుపేనా అన్నా?" అన్నాడు ప్రతాప్. "నాది చూడు, నికెల్. మొఖం చూసుకొని మీసం దిద్దుకోవచ్చు."

"మీసానికైతే అద్దం కొనుక్కోవాలెరా. గంత మెరిస్తే కోతులు గుడ దూరంకెల్లి చూసి నవ్వుతయి. నలుపంటే నలుపే. నీడల నల్లగుంటది, ఎండల నీలం కొడ్తది."

"నీలం ఏడున్నదే? నాకు పచ్చగ కనవడ్తుంది."

"గదే పాతకాలం పనితనం."

"ఏదీ, ఎండకు తే చూద్దాం."

ఇద్దరూ పిస్తోళ్లు పట్టుకొని లేచి ఠాణా వాకిట్లోకి నడిచారు. చీరల దుకాణంలో మేము చీరను వాకిట్లోకి తెచ్చి రంగు చూస్తే పళ్లికిలించి నవ్వే మగవాళ్లు వీళ్లే. ఠాణా ముందు చెరో పిస్తోలు పైకెత్తి నిలబడ్డ ఇద్దరు పెద్దమనుషులను చూసి, గేటు దగ్గర చాయ్ తెస్తున్న కానిస్టేబులు గ్లాసులు కింద పడేశాడు. "ఏయ్, కింద పెట్టున్రి! ఇద్దరు కింద పెట్టున్రి!" అని ఒకటే కేక. ఎనిమిది గ్లాసుల చాయ్ నేలపాలు. రంగు చూస్తున్నామని చెప్పి నచ్చజెప్పేసరికి నా అంగడి టైము దాటిపోయింది.

మళ్లీ బెంచీ మీద కూర్చొని పిడుల మీద పడ్డారు. ప్రతాప్ పిస్తోలుకు నల్ల రబ్బరు పిడి, వేళ్లు ఆనడానికి గాట్లున్నాయి. మా ఆయనది గీతలు చెక్కిన అక్రోటు కట్టె. ప్రతాప్ దాన్ని చేతిలోకి తీసుకొని గట్టిగా పట్టి చూశాడు.

"అన్నా, గిది చెయ్యిల కూసుంటుంది గదనే! చెమట పట్టినా జారదు. ఏం చుట్టిచ్చినవు దీనికి?"

"గది మిలిటరీ చుట్టుడు" అన్నాడు మా ఆయన, మొహం ఎక్కడా కదలకుండా.

నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ప్రతాప్ ఒక కన్ను మూసి గురి చూశాడు. చూసి, పిస్తోలు దించి, మళ్లీ ఎత్తి చూశాడు.

"మరి గిదేం సైటే? నా దానికి మూడు తెల్ల చుక్కలున్నయి, ఏ చుక్క ఏదో సమజ్ గాదు. నీది కన్ను పెట్టంగనే ఎర్రగ దొరుకుతుంది. ఏడ దొరికింది?"

"గది అందరికి దొరకదిరా."

అది నిజమే. దొరకాలంటే మా అత్త కావాలి. పాపం ప్రతాప్ ఆ ఎర్ర పూస కోసం హైదరాబాదు దాకా పోయాడట. అక్కడి దుకాణంలో ఎన్ని సైట్లు చూపించినా అట్లాంటిది లేదట. చివరికి తన భార్య గోళ్లరంగు సీసా తీసి పూసుకున్నాడు. పూసేటప్పుడు సీసా ఒలికి నికెల్ మీద కూడా పడిందని, అది గీకబోతే గీత పడిందని, మూడు రోజులు అన్నం ముట్టలేదని ఆ పిల్ల నాకు ఫోన్ చేసి చెప్పుకుంది. మా ఆయనకు చెబితే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఇదంతా పాత ముచ్చట. ఇప్పుడు సర్పంచ్ ఎలక్షన్లు వచ్చాయి. ఇద్దరూ ఇస్త్రీ బట్టలు వేసుకొని పోయారు. ఠాణాకు కొత్త ఎస్సై వచ్చింది. పేరు పల్లవి. మా కూతురు దీక్షిత వయసు ఉంటుంది. కాగితాలు తిరగేసి, "మీ ఇద్దరి లైసెన్సులు రెన్యువల్‌కు వచ్చాయి. ఈసారి ఆయుధం పనిచేస్తుందో లేదో చూసి రాయాలి. ఇప్పుడు పిస్తోళ్లు ఇంటికి తీసుకుపోండి, శుక్రవారం భూపాలపల్లిలో ఫైరింగ్ రేంజికి తీసుకురండి. నా ముందు రెండు రౌండ్లు కాల్చాలి. పనిచేయకపోతే పిస్తోలు సరెండర్, లైసెన్సు రద్దు" అంది.

ఆ మాట మా ఆయన కన్నా ముందే ఊరు చేరింది. చాయ్ హోటల్ దగ్గర కొత్త పేర్లు కూడా సిద్ధం చేశారు. మాజీ పిస్తోలు రాంచందర్ అని కొందరు, ఖాళీ రాంచందర్ అని కొందరు. బోర్ల రాంచందర్ ఇంటికి వచ్చి, "పరేషాన్ గాకు. పేరు పోతే నా పేరు సగం తీసుకో, ఐదు బోర్లున్నయి" అని ధైర్యం చెప్పి పోయాడు. మా ఆయన తలుపు వేసుకున్నాడు.

నవ్వుకున్నాను గానీ, ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది. ఆ పేరు పోతే ఆయన దగ్గర ఇంకేముంది? సర్పంచ్ కాలేదు, సొసైటీ డైరెక్టరుగా నిలబడి రెండుసార్లు ఓడిపోయాడు. పెళ్లిళ్లలో నలుగురు లేచి కుర్చీ వేసేది ఆ పిస్తోలుకు, ఆ ప్రాణభిక్ష కథకు.

"మంచిగ పనిచేస్తది గద?" అని అడిగాను.

"పులి" అన్నాడు.

"మరి చెయ్యెందుకు వణుకుతుంది?"

"షుగరు."

"నీకు షుగరే లేదు."

"గిప్పుడు వచ్చిందేమో. నీకేం ఎర్క? జర ఊకో!"

మరునాడే స్టేషన్ ఘన్‌పూర్ నుంచి అమీర్ అలీని పిలిపించాడు. తాళాలు, స్టవ్వులు బాగుచేస్తాడు. వాళ్ల నాయిన కాలం నుంచి తుపాకుల రిపేరు లైసెన్సు కూడా ఉంది. మా అత్త తల్లిగారిది ఆ ఊరే, అందుకని ఆమెను అమ్మా అంటాడు. వచ్చి, కళ్లద్దాలు పెట్టుకొని, పిస్తోలును ఇటూ అటూ తిప్పాడు.

"ఫినిషింగ్ ఫస్ట్ క్లాస్ పటేలా. పసుపు మంచిగ పట్టింది. సైటు ఫస్ట్ క్లాస్. పిడి గుడ ఫస్ట్ క్లాస్."

"లోపల?" అన్నాడు మా ఆయన.

అమీర్ అలీ మా అత్త వైపు చూశాడు. ఆమె వక్క నములుతూ చూరు వైపు చూస్తోంది. అతను దగ్గి, చాయ్ అడిగాడు. తాగి, ఇంకో చాయ్ అడిగాడు. "లోపల చూడాల్నంటే పెద్ద సామాన్లు కావాలె పటేలా. శుక్రవారం నేనే గాడికి వస్త" అని చెప్పులు వేసుకున్నాడు. బస్సుకు ఇంకా గంట ఉందన్నా ఆగలేదు.

"నేను గుడ వస్త" అంది మా అత్త.

"నువ్వెందుకు అవ్వా?" అన్నాడు మా ఆయన.

"బొట్టు నాది గదరా. నేను రావద్దా?"

శుక్రవారం పొద్దున కారులో మేము ముగ్గురం బయల్దేరాం. ప్రతాప్ మాకన్నా ముందే వచ్చి ఉన్నాడు, అమీర్ అలీ కూడా వచ్చాడు. గుట్ట కింద రేంజి. రేకుల షెడ్డులో బల్ల మీద రెండు పిస్తోళ్లు పెట్టారు. ఎస్సై పల్లవి ముందు నికెల్‌ది తీసి చూసింది.

"ఫినిషింగ్ బాగుంది. ఈ సైటుకు ఏం పూశారు?"

"గోళ్లరంగు మేడం" అన్నాడు ప్రతాప్, తల వంచుకొని.

తర్వాత మా ఆయనది తీసుకుంది. పిడి పట్టి చూసి, "భలే పట్టు ఉంది" అంది. గురి చూసి, "ఈ ఎర్ర సైటు ఏ కంపెనీదండీ?" అంటూ బుడిపె మీద వేలితో రుద్దింది. వేలికి ఎర్రగా అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. కుంకుమని తెలిసిపోయింది. ఆ వేలు ఆలోచన లేకుండానే నొసటికి పోయింది. బొట్టు పెట్టుకున్నాక గానీ తాను డ్యూటీలో ఉన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు.

"కుంకుమనా?" అని ప్రతాప్ నోరు తెరిచాడు. "గీ కుంకుమ కోసమానె నేను హైదరాబాద్ పోయింది?"

ముందు అతని వంతు. రెండు కళ్లూ గట్టిగా మూసుకొని రెండుసార్లు కాల్చాడు. బోర్డుకు ఏమీ తగల్లేదు, గుట్టకు తగిలింది. పనిచేస్తుంది చాలని ఎస్సై రాసుకుంది.

తర్వాత మా ఆయన. పిస్తోలు ఎత్తాడు. చెమటలు కారుతున్నాయి. నేను మూడు చేతుల దూరంలో చెవులు మూసుకొని నిలబడ్డాను. నొక్కాడు.

టక్.

అంతే. పేలలేదు. ఎస్సై దగ్గరికి పోయి చూసి, గుండు మార్చి, మళ్లీ నొక్కమంది. మళ్లీ టక్. ఆ చప్పుడుకు మా ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. పేరు పోయిందని అనుకున్నాను. పేరు పోయిన మొహం కాదది. ఎదురుగా ఏదో కనబడ్డట్టు బిగుసుకుపోయాడు.

అమీర్ అలీ పిస్తోలు తీసుకొని బల్ల మీద విప్పాడు. ఎస్సై వంగి చూసింది. "దీంట్లో ఫైరింగ్ పిన్నే లేదు! గుండును కొట్టే సూది లేకుండా ఇన్నేళ్లు ఎట్లా పెట్టుకున్నారు?"

మా అత్త బొడ్లోంచి గుడ్డసంచి తీసింది. తాడు వదులు చేసి, వక్కలు పక్కకు తోసి, ముల్లుసూది తీసి బల్ల మీద పెట్టింది.

"బిడ్డా, నువ్వు దేవులాడేది గిదేనా?"

ఎస్సై ఆ సూదిని వెలుగులో పెట్టి చూసింది. కొస అరిగి, నూరి, మెరుస్తోంది. "పదును పెట్టేశారు. ఇక ఇది పిస్తోలులోకి పోదు" అని చెప్పి, సరెండర్ కాగితాలు తేవడానికి పక్క గదిలోకి పోయింది.

"ఎప్పుడు తీసినవత్తా?" అని నేనే అడిగాను.

"మోటరు పంచాయితప్పుడు" అంది. "వీని కోపం చూసి నాకు నిద్ర పడుతలేదు. చింతపండు మూటల పెట్టుకొని, తల్లిగారింటికి పోతున్నని చెప్పి, ఘన్‌పూర్ బస్సెక్కిన. బిడ్డా, దీని కోర పీకు అన్న ఈ అమీర్ అలీని. కోర లేదమ్మా, సూది ఉన్నది అన్నడు. గదే పీకు అన్న. వారం రోజులకు వీడు నిజంగనే దాన్ని పట్టుకొని బావికాడికి ఉరికిండు. జాలిపడి ఇడిచిపెట్టిండట. మంచిదే. పారేస్తే ఎవలకన్న దొరుకుతదని సూది నా తాన్నే పెట్టుకున్న. ఊకె ఎందుకుండాలె, ముండ్లకన్న అక్కరకొస్తదని నూరిన."

"మాఫ్ చెయ్యి పటేలా" అన్నాడు అమీర్ అలీ. "అమ్మ ఒట్టు పెట్టిచ్చుకున్నది."

మా ఆయన బెంచీ మీద కూలబడ్డాడు.

"నేను ఇడిచిపెట్టలే" అన్నాడు. "ఆ దినం నొక్కిన. టక్ మన్నది. మల్ల నొక్కిన. మూడుసార్లు నొక్కిన."

నా కడుపులో అప్పుడు మా కొడుకు సాయికిరణ్ ఉన్నాడు. ఆ పిస్తోలు పేలి ఉంటే ఈ మనిషి జైల్లో, ఆ మనిషి మట్టిలో, నేను నా పిల్లలతో ఎక్కడ ఉండేదాన్నో. ఇన్నేళ్లు పెళ్లిళ్లలో ఆ కథ చెబుతుంటే వాళ్లతో పాటు నేనూ నవ్వాను.

ప్రతాప్ మెల్లగా అన్నాడు. "టక్ టక్ మన్నది నాకు ఇనవడ్డదే. గుండ్లు లేకుంట ఉత్తగ బెదిరియ్యనీకె వచ్చిండు, ఎంతైన అన్న మనసు అన్న మనసే అనుకున్న. గందుకే నీళ్ల వంతు ఇడిచిపెట్టిన."

"గుండ్లున్నయిరా. నిండ ఉండె."

మా అత్తకు ఇది కొత్త సంగతి. ఆమె చేతికర్ర ఎత్తి కొడుకు వీపు మీద ఒకటి వేసింది. "ఒక్కసారి నొక్కితే కోపమనుకుందురా. మూడుసార్లేందిరా? మూడుసార్లేంది?" అని ఇంకోటి, ఇంకోటి వేసింది. అరవై రెండేళ్ల మనిషి చెయ్యి అడ్డం పెట్టకుండా తిన్నాడు. నేను ఆపలేదు. ఇంకో కర్ర దొరికితే నేనూ వేసేదాన్ని.

కాగితాల మీద సంతకాలు అయ్యాయి. సూది కూడా పిస్తోలు సామానే కదా అని ఎస్సై కొంచెం తటపటాయించింది. "పత్తి ఏరుడు నడుస్తుంది బిడ్డా. గిది ముండ్ల కాలం. నా సూది నాకియ్యి" అని మా అత్త చెయ్యి చాపింది. ఎస్సై నొసట బొట్టుతో ఆమెను చూసి, సూది చేతిలో పెట్టి, కాగితం మీద పిన్ను లేదని రాసుకుంది. మేము బయటికి వచ్చేసరికి ప్రతాప్ బండి లేదు. చెప్పకుండానే పోయాడు.

ఊళ్లో మా అత్తకు పిస్తోలవ్వ అని పేరు వచ్చింది. మా ఆయనకు సూది రాంచందర్ అని పెట్టారు. ఆయనకు అది పట్టనే లేదు. ఆదివారం బీరువా తెరవలేదు. నా చీరలు మడతలోనే ఉన్నాయి, అది చూసి నాకు ఏడుపొచ్చింది. రోజూ గడప మీద కూర్చొని చిట్యాల తోవ వైపు చూసేవాడు. ఫోన్ చేతిలో పట్టుకొని ప్రతాప్ పేరు దాకా పోయి, మళ్లీ జేబులో పెట్టుకునేవాడు. "ఇగ రాడే వాడు" అనేవాడు నాతో. "ఏం మొఖం పెట్టుకొని రమ్మనాలె?"

పన్నెండో రోజు మధ్యాహ్నం బండి చప్పుడైంది. ప్రతాప్ దిగి, కుంటుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. పన్నెండు రోజులుగా పొలం వైపే రాని మనిషికి అరికాల్లో ముల్లెట్లా దిగిందని నేను అడగలేదు. "పెద్దవ్వా" అని మంచం మీద కూర్చొని కాలు చాపాడు.

మా అత్త సూది తీసింది. కళ్లు చికిలించి చూసి, "నాకు ఆనుతలేదు. కదలకుంట పట్టాలె ఎవలన్న. ఏడి, గా మూడుసార్లోడు?" అంది.

మా ఆయన వచ్చాడు. తమ్ముడి వైపు చూడలేదు. కింద కూర్చొని, ఆ కాలు ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నాడు. రెండు చేతులా పట్టుకున్నాడు.

"గట్టిగ పట్టుకో అన్నా. పిడిలెక్క" అన్నాడు ప్రతాప్.

సూది దిగింది. ప్రతాప్ పళ్లు బిగబట్టి, కళ్లు మూసుకొని, "పెద్దవ్వా, నీకు దండం పెడ్త. ఒక్కసారే పొడువు. మూడుసార్లు పొడువకు" అన్నాడు.

ముందు మా అత్తకే నవ్వొచ్చింది. ఆమె నోట్లోని వక్కపలుకు ఎగిరి నా చీర మీద పడింది. తర్వాత నాకు. మా ఆయన నవ్వబోయి ఏడ్చేశాడు. ఆ కాలు మీద మొహం పెట్టుకొని, "తమ్మీ, తప్పయిందిరా" అని ఏడ్చాడు. ప్రతాప్ కళ్లు తెరవలేదు. చెయ్యి మాత్రం వచ్చి అన్న నెత్తి మీద పడింది.

ముల్లు వచ్చేసింది. మా అత్త సూదిని కొంగుకు తుడిచి సంచిలో వేసుకుంది. నేను చాయ్ పెట్టి తెచ్చాను. అది చల్లారిపోయింది కూడా. మా ఆయన ఇంకా ఆ కాలు వదల్లేదు.

"ఇగ ఇడువు అన్నా" అన్నాడు ప్రతాప్. "తిమ్మిరెక్కింది."